పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: బుడగ పుట్టిన చోటు

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణంలో వైన్ తప్ప మిగిలినవన్నీ దొరుకుతాయన్న మాట సగం హాస్యం, సగం నిజం. అందుచేతనే కాబోలు, వైన్ గురించి, ముఖ్యంగా బుడగలు లేచే స్పార్క్లింగ్ వైన్ గురించి ఈ శీర్షికకు కొన్ని నెలలుగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఎంచి ఈ సంచికలో ఒకచోట జవాబులిస్తున్నాము. తాగేవారికీ తాగనివారికీ ఇందులో తెలుసుకోదగిన రసాయనశాస్త్రం, చరిత్ర, కొంత వ్యాపార తంత్రం కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా మేనల్లుడు డాలస్ నుంచి వస్తూ తెచ్చిన సీసాను చూసి నేను షాంపేన్ అన్నాను. “మామయ్యా, ఇది షాంపేన్ కాదు, ప్రోసెక్కో” అని సరిదిద్దాడు. రెండింటిలోనూ ఉన్నది బుడగలే కదా, పేరు కోసం ఇంత పట్టింపు ఎందుకు?
కె. ఎస్., హనుమకొండ

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది సరైనదే, ప్రోసెక్కో ఇటలీలో తయారయ్యే వేరే బుడగల వైన్. షాంపేన్ అన్నది మొదట ఒక నేల పేరు, ఆ తరువాతే పానీయం పేరు. ఫ్రాన్సులో పారిస్‌కు తూర్పున, రీమ్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ, చాలాచోట్ల సుద్దరాతి నేలల మీద, సుమారు 34,000 హెక్టార్లలో పరుచుకున్న ద్రాక్షతోటల ప్రాంతం అది. ఆ తోటల్లో కాసిన ద్రాక్షతో, అక్కడి నిబంధనలు చెప్పిన పద్ధతిలో, అక్కడే తయారైన బుడగల వైన్‌కు మాత్రమే ఆ పేరు చెల్లుతుంది. అదే ద్రాక్షతో, అదే పద్ధతిలో, సరిహద్దుకు అవతల చేసినా దానిని షాంపేన్ అనకూడదు. ఈ పట్టింపు మనకు కొత్తదేమీ కాదు. నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేసే పని ఎవరైనా నేర్చుకోవచ్చు గాని, నేసిన ప్రతి చీరా పోచంపల్లి చీర కాదని మనమే వాదిస్తాము, దానికి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నాము. షాంపేన్ పేరు సైతం మన దేశపు భౌగోళిక గుర్తింపుల పట్టికలో నమోదై ఉంది.

అయితే మీ మేనల్లుడు ఉంటున్న అమెరికాలోనే ఈ నియమానికి ఒక మినహాయింపు ఉన్నదని ఆయనకు మీరు చెప్పవచ్చు. 2006లో యూరోపుతో కుదిరిన ఒప్పందం ప్రకారం, అప్పటికే ‘కాలిఫోర్నియా షాంపేన్’ వంటి పేర్లు వాడుతున్న కంపెనీలు వాటిని కొనసాగించుకోవచ్చు, కొత్తవారు మాత్రం పెట్టుకోకూడదు. కనుక అక్కడి దుకాణాల్లో ఆ పేరుతో చవక సీసాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చట్టానికి అవి తప్పు కావు, ఫ్రెంచివారికి మాత్రం కంటిలో నలుసు.

ప్రశ్న: గోలీసోడాలో గ్యాసు ఎక్కిస్తారు. షాంపేన్‌లో కూడా అలాగే ఎక్కిస్తారా? రసాయనశాస్త్రం చదువుతున్న నాలాంటివారికి అర్థమయ్యేలా వివరంగా చెప్పగలరు.
ఎం. వి., తిరుపతి

జవాబు: గోలీసోడాలో ఉన్న వాయువూ షాంపేన్‌లో ఉన్న వాయువూ ఒక్కటే. పాత తెలుగు పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అని పిలిచిన కార్బన్ డయాక్సైడ్ అది. తేడా అంతా అది వచ్చిన దారిలో ఉన్నది. సోడాలో దానిని సిలిండరు నుంచి తెచ్చి నీటిలోకి ఒత్తిడితో ఎక్కిస్తారు, ఆ ఒత్తిడే గోలీని లోపలి నుంచి మూతి దగ్గరి రబ్బరుకు అదిమిపెట్టి సీసాను మూస్తుంది. షాంపేన్‌లో మాత్రం ఆ వాయువు మూసిన సీసా లోపలే పుడుతుంది. ఈ ఒక్క సంగతిని పట్టుకుంటే ప్రపంచంలోని బుడగల వైన్ల ధరలు, రుచులు, పేర్లు ఎందుకు వేరువేరుగా ఉన్నాయో చాలావరకు బోధపడుతుంది.

ద్రాక్షరసంలో ఉన్న చక్కెరను ఈస్ట్ తిని, బరువులో దాదాపు సగాన్ని ఆల్కహాలుగా, తక్కిన సగాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. తెల్లవారుజామున దించిన తాటికల్లు లొట్టిలో నురగ పొంగడానికి కారణం కూడా ఇదే. మామూలు వైన్ తయారీలో ఆ వాయువును గాలిలోకి పోనిస్తారు. షాంపేన్‌లోనూ మొదటి విడత అంతే జరుగుతుంది. ద్రాక్షగుత్తులను చేతితో కోసి, గింజ చిదమకుండా గుత్తులకు గుత్తులనే గానుగలోకి చేరుస్తారు. అక్కడ ఎక్కువగా వాడే మూడు రకాలలో పీనో న్వార్, మ్యోనియే నల్ల ద్రాక్షలు, షార్డొనే ఒక్కటే తెల్లది. నల్ల ద్రాక్షలో రంగు తొక్కలోనే గాని రసంలో ఉండదు, కాబట్టి మెల్లగా పిండితే తెల్లని రసమే వస్తుంది. ఎంత పిండాలన్నదీ నియమమే: 4,000 కిలోల ద్రాక్ష నుంచి 2,550 లీటర్లకు మించి తీయరాదు. ఈ రసం పులిసి తయారైన మొదటి వైన్ పలచగా, నాలుక ముడుచుకునేంత పుల్లగా ఉంటుంది. దానిని అలాగే తాగాలని ఎవరికీ అనిపించదు. వేరువేరు ఊళ్లవీ, ఒక్కోసారి వేరువేరు సంవత్సరాలవీ అయిన ఇలాంటి వైన్లను పదుల సంఖ్యలో రుచి చూసి, పాళ్లు కలిపి ఒక మిశ్రమం తయారు చేస్తారు. నిజమైన చేతినేర్పు ఇక్కడే ఉందని ఆ పనివారు చెబుతారు.

ఆ తరువాత పాలకు తోడు వేసినట్టు ఆ మిశ్రమానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరను, కొంచెం ఈస్ట్‌ను కలిపి సీసాల్లో నింపి, శీతల పానీయాల సీసాలకు ఉండేటటువంటి రేకు మూత బిగిస్తారు. సీసాలను పది, పన్నెండు డిగ్రీల చల్లదనం ఉండే నేలమాళిగల్లో పడుకోబెడతారు. కొన్ని వారాల్లో రెండవసారి పులియడం పూర్తవుతుంది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. 750 మిల్లీలీటర్ల సీసాలో ఈ విడత కలిపిన చక్కెర 18 గ్రాములు, అందులో సగం అంటే దాదాపు 9 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. బయట గది ఉష్ణోగ్రతలో వదిలితే అది దాదాపు 5 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ముప్పావు లీటరు సీసాలో, ద్రవంలో కరిగి, అది బందీగా ఉంటుంది. లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి ఆరు రెట్ల వరకు చేరుతుంది, అంటే కారు టైరులో ఉండే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. సీసా గాజు అంత మందంగా, దాదాపు 835 గ్రాముల బరువుతో ఉండడానికి కారణం అలంకారం కాదు, ఇది.

చక్కెర అయిపోయాక ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా చేరుతుంది. దానిని వెంటనే తీసివేయరు. సాధారణ షాంపేన్ అమ్మకానికి వెళ్లడానికి ముందు సీసాలో కనీసం 15 నెలలు ఉండాలి, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదే. ఒకే సంవత్సరపు పంటతో చేసినదైతే కనీసం మూడేళ్లు ఆగాలి. ఆ కాలంలో ఈస్ట్ కణాలు మెల్లగా విచ్చిపోయి వైన్‌లోకి వదిలే పదార్థాల వల్లనే కాల్చిన రొట్టె, జీడిపప్పు వంటి వాసనలు వస్తాయి. గ్యాసు ఎక్కించిన వైన్‌లో ఇవి రావు, ఎందుకంటే ఆ సీసాలో చచ్చిన ఈస్టూ లేదు, గడిచిన కాలమూ లేదు.

ఇక మిగిలింది మడ్డిని తీయడం, గ్యాసు పోకుండా తీయడం. సీసాలను రంధ్రాలున్న చెక్క బల్లల్లో మెడలు గుచ్చి నిలిపి, రోజూ కొంచెం తిప్పుతూ, కొంచెం కొంచెంగా తలకిందులు చేస్తారు. ఐదారు వారాలకు మడ్డి అంతా మూతి దగ్గరికి జారుతుంది. చేయి తిరిగిన పనివాడు రోజుకు పదుల వేల సీసాలను తిప్పగలడు. నేడు ఎక్కువచోట్ల 504 సీసాలు పట్టే ఇనుప బోనును ఒక యంత్రం వారం రోజుల్లో అదే విధంగా తిప్పుతుంది. ఆపైన సీసా మెడను సున్నాకు దాదాపు 25 డిగ్రీలు తక్కువగా ఉన్న ద్రావణంలో ముంచి మడ్డిని గడ్డకట్టించి, మూత తీస్తారు. లోపలి ఒత్తిడే ఆ మంచుబిళ్లను బయటికి చిమ్ముతుంది. తగ్గిన మేర వైన్‌తో, కావలసినంత చక్కెర పాకంతో నింపి, కార్క్ బిరడా కొట్టి, పైన తీగ బిగిస్తారు.

ప్రశ్న: షాంపేన్‌ను డోమ్ పెరిన్యోఁ అనే సన్యాసి కనిపెట్టాడని, మొదటి గుక్క తాగి “నేను నక్షత్రాలు తాగుతున్నాను” అన్నాడని చదివాను. నిజమేనా?
పి. ఆర్., రాజమహేంద్రవరం

జవాబు: సన్యాసి నిజం, నక్షత్రాలు కల్పన. ఆ వాక్యం ఆయన పోయిన చాలా కాలానికి ప్రకటనలు పుట్టించినది. పియెర్ పెరిన్యోఁ బెనెడిక్టైన్ సన్యాసి. 1668 నుంచి 1715లో మరణించేవరకు ఎపెర్నే సమీపంలోని ఓవిల్లెర్ మఠంలో వైన్ కొట్టుకు అధికారిగా ఉన్నాడు. వేరువేరు తోటల ద్రాక్షను కలపడంలో, నల్ల ద్రాక్ష నుంచి తెల్లని రసం తీయడంలో ఆయన చేసిన కృషి గొప్పది. కాని బుడగల విషయంలో ఆయన ప్రయత్నమంతా వాటిని రాకుండా చేయడానికే. ఆ ప్రాంతం చలిదేశం. శరదృతువులో పులియడం మొదలైన రసం చలికి మధ్యలో ఆగిపోయి, వసంతంలో వేడి తగిలి మళ్లీ పులుస్తుంది. అప్పటికే సీసాకెక్కిన వైన్ అయితే సీసా పగులుతుంది. ఆ కాలపు వైన్ తయారీదారుకు బుడగ అంటే దోషం.

ఆ దోషాన్ని కోరి తెచ్చుకున్నవారు ఇంగ్లండు వర్తకులు. క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు 1662 డిసెంబరు 17న లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, వైన్ పీపాల పనివారు వైన్‌కు చక్కెర, మొలాసిస్ కలిపి నురగ తెప్పిస్తున్నారని రాశాడు. పెరిన్యోఁ ఓవిల్లెర్‌లో ఆ బాధ్యత తీసుకోవడానికి అది ఆరేళ్ల ముందు మాట. ఇంగ్లండులోనే ఇది సాధ్యమైనదంటే దానికి కారణం వైన్‌లో కన్నా గాజులో ఉంది. కట్టెను ఓడల కోసం దాచుకోవలసి వచ్చి, అక్కడి గాజు కొలుముల్లో నేలబొగ్గు మండించారు. బొగ్గు వేడి ఎక్కువ, ఆ వేడిలో తయారైన సీసా గట్టిది. గట్టి సీసా ఉన్నచోట బుడగ నిలిచింది.

ఫ్రాన్సులో ఈ వ్యాపారం ఊపందుకున్నది 1728లో పదిహేనవ లూయీ రాజు షాంపేన్‌ను సీసాల్లో రవాణా చేయడానికి అనుమతి ఇచ్చిన తరువాతనే. అప్పటికీ సీసాలు పగలడం ఆగలేదు. మాళిగల్లో పనివారు ముఖానికి ఇనుప తొడుగు పెట్టుకుని తిరిగేవారు. ఎంత చక్కెరకు ఎంత ఒత్తిడి పుడుతుందో కొలిచే పద్ధతిని 1836లో షాలోఁ పట్టణపు ఔషధ తయారీదారు జాఁ బాతిస్త్ ఫ్రాన్స్వా వివరించిన తరువాత ఆ నష్టం తగ్గుముఖం పట్టింది. మడ్డిని మూతి దగ్గరికి చేర్చే బల్ల మాత్రం ఒక స్త్రీ పేరు మీద ఉన్నది. బార్బ్ నికోల్ క్లికో 27 ఏళ్లకే, 1805లో, భర్తను కోల్పోయి వ్యాపారం తన చేతిలోకి తీసుకున్నది. 1810లలో ఆమె మాళిగలోనే సీసాలను బల్లకు గుచ్చి తిప్పే పద్ధతి రూపుదిద్దుకున్నది. ‘వవ్ క్లికో’ అన్న ఆ సంస్థ పేరులోని ‘వవ్’ అన్న ఫ్రెంచి మాటకు వితంతువు అని అర్థం. మన సమాజం అశుభమన్న మాటను ఆమె సీసా మీద అచ్చు వేయించి ప్రపంచమంతా వేడుకలకు అమ్మింది. నక్షత్రాల కథ కన్నా ఈ కథే చెప్పుకోదగినదని నా అభిప్రాయం.

ప్రశ్న: ప్రోసెక్కో, కావా, ఆస్తీ, సెక్ట్, క్రెమాఁ అని ఎన్నో పేర్లు వింటున్నాము. వీటిలో అసలు తేడాలేమిటి?
జి. ఎల్., బెంగళూరు

జవాబు: రెండవసారి పులియడం ఎక్కడ జరిగిందని అడగండి, సగం తేడాలు తేలిపోతాయి.

ప్రోసెక్కో ఇటలీ ఈశాన్య ప్రాంతాలైన వెనెతో, ఫ్రియులీ వెనెజియా జూలియాలది. ద్రాక్ష పేరు గ్లేరా. 2009 వరకు ఆ ద్రాక్షనే ప్రోసెక్కో అనేవారు. ద్రాక్ష పేరైతే దానిని ఏ దేశంవారైనా నాటి ఆ పేరుతో అమ్ముకోవచ్చు, ఊరి పేరైతే కుదరదు. అందుకని ఆ సంవత్సరం ద్రాక్షకు గ్లేరా అన్న పాత పేరును స్థిరపరచి, ట్రియెస్తే దగ్గర ప్రోసెక్కో అనే పల్లె ఉన్నదన్న ఆధారంతో ఆ పేరును ప్రాంతానికి ముడివేశారు. పేరును కాపాడుకోవడంలో ఇంత ముందుచూపు అరుదు. ఇక పద్ధతికి వస్తే, ఇక్కడ రెండవసారి పులియడం సీసాలో కాదు, ఒత్తిడిని తట్టుకునే పెద్ద ఉక్కు ట్యాంకులో జరుగుతుంది. ఇటలీకి చెందిన ఫెదెరీకో మార్తినోత్తి 1895లో దీనికి పేటెంటు పొందాడు, ఫ్రాన్సుకు చెందిన యూజీన్ షార్మా 1907లో మెరుగుపరిచాడు. కొన్ని వారాల్లో పని ముగుస్తుంది, మడ్డిని ట్యాంకులోనే వడకట్టి, ఒత్తిడి తగ్గకుండా సీసాల్లో నింపుతారు. ధర తగ్గడానికి ఇదే కారణం. అలాగని దీనిని షాంపేన్‌కు చౌక నకలుగా చూడడం పొరపాటు. గ్లేరా ద్రాక్షలోని పియర్, ఆపిల్, తెల్లపూల వాసన సున్నితమైనది, ఏళ్ల తరబడి మడ్డి మీద ఉంచితే అది రొట్టె వాసన కింద అణగిపోతుంది. ఆ ద్రాక్షకు ట్యాంకే న్యాయం చేస్తుంది. 2023లో షాంపేన్ ప్రాంతం నుంచి దాదాపు 30 కోట్ల సీసాలు బయటికి వెళ్లగా ప్రోసెక్కో సీసాలు 60 కోట్లు దాటాయి.

కావా స్పెయిన్‌ది. ఎక్కువభాగం బార్సిలోనాకు దగ్గరలో పెనెదెస్ ప్రాంతం నుంచి వస్తుంది. మకబేయో, షరెల్లో, పరెయాదా అనే స్థానిక ద్రాక్షలతో చేస్తారు గాని పద్ధతి మాత్రం అచ్చంగా సీసా పద్ధతే. మడ్డి మీద కనీసం తొమ్మిది నెలలు ఉంటుంది. అక్కడ జోసెప్ రవెంతోస్ 1872లో మొదటిసారి దీనిని ఈ పద్ధతిలో తయారు చేశాడు. కావా అంటే నేలమాళిగ అని అర్థం. శ్రమను, ధరను పక్కపక్కన పెట్టి చూస్తే మన చేతి డబ్బుకు పూర్తి విలువ ఇచ్చేది ఇదేనని చాలామంది అభిప్రాయం, నాదీ అదే.

క్రెమాఁ అంటే షాంపేన్‌కు వెలుపల, ఫ్రాన్సులోనే అల్జాస్, లువార్, బుర్గోన్ వంటి ప్రాంతాల్లో సీసా పద్ధతిలో చేసినది. సెక్ట్ జర్మనీది. దానిలో ఎక్కువభాగం ట్యాంకులోనే తయారవుతుంది. 1902లో కైజర్ రెండవ విల్హెల్మ్ ప్రభుత్వం యుద్ధనౌకల ఖర్చు కోసమని సెక్ట్ మీద పన్ను వేసింది. ఆ నౌకాదళం మొదటి ప్రపంచయుద్ధంతో సముద్రం అడుగుకు చేరింది, కైజర్ గద్దె దిగాడు, పన్ను మాత్రం ముప్పావు లీటరు సీసాకు 1.02 యూరోల చొప్పున నేటికీ వసూలవుతోంది.

ఆస్తీ వీటన్నింటికీ భిన్నం. ఇటలీ వాయవ్యంలోని పీడ్‌మాంట్‌లో మొస్కాతో ద్రాక్షతో చేస్తారు. ఇక్కడ రెండవసారి పులియబెట్టడమే ఉండదు. రసం ట్యాంకులో ఒకేసారి పులుస్తుంది. మధ్యలో మూత బిగించి వాయువును నిలుపుతారు, చక్కెర ఇంకా మిగిలి ఉండగానే చల్లబరచి, వడకట్టి, ఈస్ట్ పని ఆపేస్తారు. అందుకే తియ్యగా ఉంటుంది, ఆల్కహాలు తక్కువ. దానికి తోబుట్టువైన మొస్కాతో దాస్తీలో అది 4.5 నుంచి 6.5 శాతమే. ఒకసారి మొదలైన పులియడాన్ని సీసాలోనే ముగియనిచ్చి, చాలాసార్లు మడ్డితోనే అమ్మే ‘పెత్ నాత్’ పద్ధతి అన్నిటికన్నా పాతది, ఈ మధ్య మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఇవి గాక దక్షిణాఫ్రికాలో 1971లో మొదలైన కాప్ క్లాసిక్, దక్షిణ ఇంగ్లండులో అదే రకపు సుద్దనేలల మీద పెరుగుతున్న తోటలు, ఆస్ట్రేలియాలో షిరాజ్ ద్రాక్షతో చేసే ఎర్రని బుడగల వైన్ ఉన్నాయి. చివరిది చల్లగా పుచ్చుకునే ఎర్ర వైన్, మొదటిసారి చూసినవారు తప్పక తికమకపడతారు.

ప్రశ్న: ఇక్కడి దుకాణంలో ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని చూసి, తీపి అసలే ఉండదని కొన్నాను. ‘బ్రూట్’ కన్నా అదే తియ్యగా ఉంది. సీసా మీద తప్పు అచ్చయిందా?
ఎస్. డి., న్యూజెర్సీ

జవాబు: అచ్చులో తప్పు లేదు, కాలం మారి మాట అర్థం జారింది. డ్రై అంటే తీపి లేనిది. బిరడా కొట్టే ముందు చక్కెర పాకం కలుపుతారని పైన చెప్పాము కదా, ఎంత కలిపారన్నదాన్ని బట్టి ఈ మాటలు వచ్చాయి. లీటరుకు 3 గ్రాముల లోపు, అది కూడా కలపకుండానే ఉంటే బ్రూట్ నేచర్, 6 లోపు ఎక్స్‌ట్రా బ్రూట్, 12 లోపు బ్రూట్, 12 నుంచి 17 వరకు ఎక్స్‌ట్రా డ్రై, 17 నుంచి 32 వరకు డ్రై లేదా సెక్, 32 నుంచి 50 వరకు డెమీ సెక్, ఆపైన దూ. పంతొమ్మిదవ శతాబ్దపు షాంపేన్ నేటి మన నాలుకకు శీతల పానీయంలా తోచేంత తియ్యగా ఉండేది. రష్యా ఆస్థానం మరీ తీపిని కోరేది. దానితో పోల్చుకున్నప్పుడు ‘ఎక్స్‌ట్రా డ్రై’ నిజంగానే ఎక్కువ డ్రై. ఇంగ్లండువారు తీపి లేనిదే కావాలని అడుగుతూ ఉండగా, మదామ్ పొమ్మెరీ సంస్థ 1874 పంటతో బ్రూట్ తరహాను తెచ్చి గెలిచింది. పాత మాటలను తీసివేయకుండా, వాటి కిందనే కొత్తవాటిని చేర్చుకుంటూ పోవడంతో ఈ తికమక మిగిలింది. ప్రోసెక్కోలో ఎక్స్‌ట్రా డ్రై చాలా వాడుకలో ఉన్న తరహా కనుక మీరు కొన్నది అదే అయి ఉండవచ్చు. తీపి వద్దనుకుంటే ఇకమీద బ్రూట్ అన్న మాట చూసి తీసుకోండి.

ప్రశ్న: ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్ ఎ షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. ఆ ద్రాక్షతో షాంపేన్ వంటిది చేయడం సాధ్యమయ్యేదా? మన దేశంలో ఇటువంటివి ఎక్కడైనా చేస్తున్నారా?
టి. వై., చేవెళ్ల

జవాబు: అనాబ్ ఎ షాహీని 1890 ప్రాంతంలో హైదరాబాద్‌కు తెచ్చినవాడు అబ్దుల్ బాఖర్ ఖాన్ అని చెబుతారు. పెద్ద పెద్ద గింజలు, పలచని తొక్క, నిండా రసం. తినడానికి అంతకన్నా ఏమి కావాలి? వైన్‌కు మాత్రం ఆ సుగుణాలే అడ్డు. రుచినీ వాసననూ ఇచ్చే పదార్థాలు ఎక్కువగా తొక్కలోనూ దాని కిందనూ ఉంటాయి. గింజ పెద్దదైన కొద్దీ రసంతో పోలిస్తే తొక్క తగ్గుతుంది. వైన్ ద్రాక్ష గింజ చిన్నది, తొక్క మందం, తింటే విత్తులే పంటికి తగులుతాయి. పైగా బుడగల వైన్‌కు కావలసింది తీపి కన్నా పులుపు. రెండవసారి పులిసినప్పుడు ఆల్కహాలు ఇంకో ఒకటింపావు శాతం దాకా పెరుగుతుంది కనుక మొదటి వైన్‌లో అది తక్కువగా ఉండాలి, అంటే ద్రాక్షను పూర్తిగా పండకముందే కోయాలి. షాంపేన్ వంటి చలిదేశంలో ఆ పులుపు దానంతటదే నిలుస్తుంది. మన ఎండల్లో చక్కెర వేగంగా పెరిగి, పులుపు అంతకన్నా వేగంగా పడిపోతుంది.

అయినా మన దేశంలో ఈ పని జరుగుతూనే ఉంది. 1980లలో పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో షాటో ఇండేజ్ సంస్థ ఫ్రెంచి నిపుణుల సాయంతో సీసా పద్ధతిలో చేసిన వైన్‌ను ‘ఓమర్ ఖయ్యామ్’ పేరుతో విదేశాలకు పంపింది. నేడు దీనికి కేంద్రం నాసిక్. సులా సంస్థ అక్కడే చేస్తోంది. ఫ్రాన్సు మూలాలున్న షాందోఁ సంస్థ 2013లో తన భారతీయ వైన్లను విడుదల చేసింది, దాని వైనరీ నాసిక్ దగ్గర దిండోరిలో ఉంది. షెనిన్ బ్లాంక్, షార్డొనే, పీనో న్వార్ వంటి రకాలు వాడతారు. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు, చలికాలపు చల్లని రాత్రులు అక్కడి అనుకూలతలు. యూరోపులో తీగ చలికాలమంతా నిద్రపోయి, కోత ఆగస్టు, సెప్టెంబరులలో వస్తుంది. ఇక్కడ తీగకు నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వర్షాలు వెనకబడ్డాక కాపు పట్టేటట్టు చేసి, మార్చి ఎండలు ముదరకముందే కోసుకుంటారు. బుడగల వైన్‌కు కావలసిన ద్రాక్ష వంతు అన్నింటికన్నా ముందు వస్తుంది.

ప్రశ్న: ఒకే సీసా నుంచి పోసినా ఒక గ్లాసులో బుడగలు దారం కట్టినట్టు లేస్తాయి, పక్క గ్లాసులో అంతగా లేవవు. కారణం ఏమిటి? బిరడా తీసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా చెప్పండి.
హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: బుడగలు లేవని గ్లాసు మరీ శుభ్రంగా ఉన్న గ్లాసు కావచ్చు. ద్రవంలో కరిగిన వాయువు బుడగగా మారడానికి ఎక్కడో ఒకచోట చిన్న గాలి గూడు దొరకాలి. రీమ్స్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రవేత్త జెరార్ లిజె బెలేర్ వేగవంతమైన కెమెరాలతో పరిశీలించి, ఆ గూళ్లు చాలావరకు గ్లాసు గీతలు కావని, గాలి నుంచో తుడిచిన గుడ్డ నుంచో అంటిన సన్నని పోగుల బోలు గొట్టాలని చూపాడు. పోగు ఉన్నచోట నుంచే దారం మొదలవుతుంది. గ్లాసు తయారీదారులు కొందరు అందుకనే అడుగున కావాలని సన్నని గీతలు చెక్కిస్తారు. సబ్బు జిడ్డు మిగిలితే మాత్రం నురగ నిలవదు, కనుక మంచినీటితో బాగా కడగమని మీ వంటింటివారికి చెప్పండి.

బిరడా విషయంలో పరాచికం పనికిరాదు. అది గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో ఎగరగలదు, కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. సీసాను ఆరు నుంచి ఎనిమిది డిగ్రీల వరకు చల్లబరచండి. చల్లని ద్రవంలో వాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది గనుక ఒత్తిడి తగ్గుతుంది. తీగను వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీదనే ఉండాలి. సీసాను వాలుగా, మనుషులు లేని వైపుకు పట్టుకుని, బిరడాను కదలకుండా పట్టి సీసాను తిప్పండి. ఢామ్మని మోగకుండా చిన్న నిట్టూర్పుతో తెరుచుకుంటే పని తెలిసినవాడని అర్థం. మోటారు పందేల విజేతలు చేసేది దీనికి పూర్తి వ్యతిరేకం. 1967లో ఫ్రాన్సులోని లె మాన్ పందెం గెలిచిన డాన్ గర్నీ ఉత్సాహం పట్టలేక సీసాను కుదిపి చుట్టూ ఉన్నవారి మీద చిమ్మాడు, అప్పటి నుంచి అదొక ఆచారమైపోయింది. మన సినిమా వేడుకల్లో కనిపించేది దానికి అనుకరణ.

ప్రశ్న: మా ఇంట్లో మద్యం వాడరు. పిల్లల పుట్టినరోజుకు షాంపేన్ సీసాలాగే ఉండే ‘పార్టీ డ్రింక్’ తెచ్చాము. అందులో ఆల్కహాలు ఉంటుందా?
ఆర్. ఎన్., గుంటూరు

జవాబు: సీసా మీద ఆల్కహాలు లేనిదని స్పష్టంగా ఉంటే భయం లేదు. అవి పండ్లరసానికో చక్కెర నీటికో గోలీసోడా పద్ధతిలో గ్యాసు ఎక్కించినవి, అక్కడ పులియడమే జరగదు. బిరడా మాత్రం వాటికీ గట్టిగానే ఎగురుతుంది, పిల్లల చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: సగం మిగిలిన సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే బుడగలు పోవని ఒక బంధువు చెప్పారు. పనిచేస్తుందా?
వి. కె., నెల్లూరు

జవాబు: చెంచా వల్ల ఏమీ జరగదు. చెంచా పెట్టిన సీసానూ, మూత లేకుండా వదిలిన సీసానూ పోల్చి చూసినవారికి తేడా కనిపించలేదు. మర్నాటికి కొంత నురగ మిగిలిందంటే ఆ ఘనత ఫ్రిజ్‌ది. ఈ సీసాల మూతి అంచుకు బిగుసుకునే రెండు రెక్కల మూత దుకాణాల్లో దొరుకుతుంది, దానిని బిగించి, సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో పెడితే ఒకటి రెండు రోజులు బాగుంటుంది.